రాఘవపాండవీయ పఠన ప్రయోజనము

16వ శతాబ్దమున పింగళి సూరన రచించిన రాఘవపాండవీయము ద్వ్యర్థికావ్యము. ఒకే పద్యము రామాయణ కథకును, భారత కథకును అన్వయించును. శ్లేషచేతను, పదవిభాగ భేదముచేతను ఈ యర్థద్వయము సిద్ధించుచున్నది. దీని కాఠిన్యమును గుర్తించియే కాబోలు ముద్దరాజు రామన వ్యాఖ్య రచించెను.

వ్యాఖ్య చూచుటకు ముందు పదములను తానే విడదీసి, రెండన్వయములును కుదురువరకు విచారించిన పాఠకునకు, మొదట తోచిన యర్థమే తుది యర్థము కానక్కరలేదను వివేకము కలుగును.

తాళపత్ర ప్రతులలో పదముల నడుమ ఎడము సామాన్యముగా నుండదు. ఒక్క విరుపు తప్పినను అర్థము తారుమారగును. కావున పరిష్కర్తకు వలయు ప్రథమ సాధనము ఈ వివేకమే. ఇట్టి కావ్యములను పండితులు బోధింపకున్నచో, అముద్రిత గ్రంథములు భాండాగారములలో నున్నను వానిని చదువగల నేర్పు లుప్తమగును.