మెతుకు పేరు శరీరం

జపాను సుషి దుకాణంలో అన్నాన్ని అన్నం అనరు. ఇంట్లో అయితే గోహన్, మొరటుగా మాట్లాడుకునే చోట మెషి. వెనిగర్, ఉప్పు, చక్కెర కలిపి ముద్ద చేయడానికి సిద్ధంగా ఉంచిన అన్నాన్ని మాత్రం కౌంటరు వెనక నిలబడ్డ వంటవాడు షారి అంటాడు. ఆ దుకాణాల్లో ఇలాంటి లోపలి మాటలు చాలా ఉన్నాయి. ముద్ద మీద పెట్టే చేపముక్క నెత, ఊరేసిన అల్లం గరి, సోయా సాస్ మురసకి, టీ అగరి, వసాబి నమిద. వీటిలో చాలావాటి పుట్టుక ఇట్టే తెలిసిపోతుంది. మురసకి అంటే ఊదారంగు. నమిద అంటే కన్నీరు, ఘాటుకు వచ్చేది అదే కాబట్టి. అల్లాన్ని పంటికింద నమిలితే వినిపించే చప్పుడు గరి. సరుకు, విత్తనం అనే అర్థమున్న తనెను తిరగేస్తే నెత. షారి మాత్రం అలా తేలదు. దాని కోసం చాలా దూరం రావాలి, వచ్చి వచ్చి మన దగ్గరే ఆగాలి. ఎందుకంటే అది శరీరం అన్న మాటే.

దారి ఇలా సాగింది. బౌద్ధ గ్రంథాలను చైనా భాషలోకి తెచ్చినవాళ్ళు కొన్ని మాటలను అనువదించకుండా, పలుకును పలుకుగానే రాసుకున్నారు. అలా శరీరాన్ని రెండు లిపిచిహ్నాల్లో షెలి అని రాశారు. మూడక్షరాలూ నిలిపిన షెలిలో అనే రూపమూ ఉంది గాని, జనంలో నిలిచింది పొట్టి రూపమే. అప్పటి చైనీయుల నోట మన రకారం పలకదు, అందుకే లకారంతో సరిపెట్టుకున్నారు. అదే లిపితో ఆ మాట జపాను చేరింది. జపాను భాషలో లకారం లేదు, ఉన్నది రకారం. కాబట్టి చైనాలో పోగొట్టుకున్న రకారం జపానులో మళ్ళీ దొరికి, షారి అయింది. ఈ దారిన పోయిన మాటలు ఇంకా ఉన్నాయి. దానం నుంచి దన్నా, అంటే పోషకుడు, యజమాని, చివరికి ఇంటి మగడు. పాత్ర నుంచి హచి. ఇంటి పెంకును కవర అంటారు, దాని మూలం కపాలమని నిఘంటుకారులు చెబుతారు. ఇవన్నీ మఠం గడప దాటి ఇళ్ళలోకి వచ్చిన మాటలు. షారి వంటింటి దాకా వచ్చింది.

శరీరం అంటే మనకు ప్రాణమున్న ఒళ్ళు. జ్వరమొస్తే శరీరం కాలిపోతుంది, వయసు మీదపడితే శరీరం సహకరించదు. పెద్దవాళ్ళు పోతే శరీరం విడిచారంటాం. పత్రికలు పార్థివ శరీరం అని రాసినా, చితి ఆరాక మిగిలినవాటిని ఎవరూ శరీరం అనరు, అస్థికలంటారు. బౌద్ధుల వాడుక వేరు. సంస్కృతంలోనూ పాళీలోనూ ఏకవచనంలో శరీరం అంటే దేహం. బుద్ధుడి విషయంలో దాన్నే బహువచనంలో వాడితే, దహనం తర్వాత మిగిలిన ధాతువులు. శరీరం కాలిపోయింది, శరీరాలు మిగిలాయి.

ఈ వాడుకకు సాక్ష్యం తెలుగు నేల మీదే ఉంది. బాపట్ల జిల్లా భట్టిప్రోలు స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రే జరిపిన తవ్వకాల్లో రాతి పెట్టెలూ, వాటి లోపల స్ఫటికపు ధాతుకరండాలూ బయటపడ్డాయి. పెట్టెల మీద బ్రాహ్మీలో రాతలున్నాయి. కుర అనే మనిషీ అతని తల్లిదండ్రులూ ఒక పెట్టె, ఒక స్ఫటికపు భరిణె చేయించారని, అవి బుద్ధుడి ధాతువులను నిక్షేపించడానికని అక్కడ ఉంది. ధాతువులకు అక్కడ వాడిన మాట ‘బుధసరీరానం’. ప్రాకృతం కనుక శకారం సకారమైంది, అంతే తేడా. క్రీస్తుకు పూర్వం, కృష్ణ ఒడ్డున, శరీరం అన్న మాటను చితిలో మిగిలిన పవిత్రమైన గింజకు వాడారు. సుషి కౌంటరు దాకా నడిచిన అర్థం ఇదే. మనం దీన్ని మరిచిపోయాం.

ఇంకొక సంగతి చూడండి. శీర్ణమయ్యేది కాబట్టి శరీరం అని మన వైయాకరణుల వ్యుత్పత్తి. అరిగి, నలిగి, చివరికి రాలిపోయేది. అలా నశించేదని పేరుపడ్డ మాట బౌద్ధుల చేతిలో పడి, నిప్పు కూడా నశింపజేయలేకపోయినదానికి పేరైంది. జపాను తొలి చరిత్ర గ్రంథాల్లో ఒకటైన నిహోన్ షోకి, 720లో ముగించినది, 584 నాటి ముచ్చటగా దీన్ని మరింత ముందుకు తీసుకుపోతుంది. షిబా తత్తో అనే బౌద్ధుడికి ఒక షారి దొరికింది. దాన్ని ఆయన సొగా నో ఉమాకో అనే మంత్రికి ఇచ్చాడు. ఉమాకో దాన్ని ఇనుప దాగలి మీద పెట్టి సమ్మెటతో కొట్టించాడు. సమ్మెటా దాగలీ పగిలాయి, గింజకు ఏమీ కాలేదు. నీళ్ళలో వేస్తే తేలమన్నప్పుడు తేలింది, మునగమన్నప్పుడు మునిగింది. మరుసటి ఏడు ఉమాకో స్తూపం ఎత్తించి అందులో దాన్ని నిక్షేపించాడు. ఇది జరిగిందా లేదా అన్నది నాకు ముఖ్యం కాదు. ఆ షారి తత్తోకు ఎక్కడ దొరికిందని గ్రంథం చెబుతోందో అది ముఖ్యం. నియమంతో తినే ఆయన భోజనం మీద. జపాను దేశపు కథలో ధాతువు మొట్టమొదట కనిపించిన చోటు కంచం.

పోలిక కూడా మొదటినుంచీ గింజతోనే. బుద్ధుడి ధాతువులు మూడు పరిమాణాల్లో మిగిలాయని పాళీ వ్యాఖ్యాత బుద్ధఘోషుడు చెప్పాడు: ఆవగింజంత, నూకంత, పెసరబద్దంత. తెలుగు వంటింటి డబ్బాలు తెరిస్తే ఆ మూడు కొలతలూ చేతికి వస్తాయి. జపానులో ధాతువులను లెక్కపెట్టిందీ గింజల లెక్కనే. చైనా నుంచి వచ్చిన గంజిన్ భిక్షువు, అయిదుసార్లు ప్రయాణం చెడి, చూపు పోగొట్టుకుని, చివరికి 753లో జపాను నేల మీద కాలుపెట్టినప్పుడు తనతో తెచ్చినవి 3,000 గింజలు. అవి నారా నగరపు తోషోదాయ్‌జి ఆలయంలో పూజలందుకుంటున్నాయి. 806లో కూకై అనే భిక్షువు చైనా నుంచి తెచ్చిన వస్తువుల జాబితాలో 80 గింజలున్నాయి. ఈ లెక్కకు వాడే చిహ్నంలో ఎడమవైపు సగం బియ్యాన్ని సూచించే గుర్తే. బియ్యపుగింజనూ అదే మాటతో లెక్కపెడతారు.

ఇక్కడ ఇంకొక పాయ కలుస్తుంది. కూకై పేరుతో ప్రచారంలో ఉన్న హిజోకి అనే గ్రంథంలో ఒక వివరణ ఉంది: భారతదేశంలో బియ్యపుగింజను షారి అంటారు, బుద్ధుడి ధాతువూ బియ్యపుగింజలా ఉంటుంది, అందుకే దానికీ షారి అని పేరు. రాసినాయన తలక్రిందులుగా చెప్పినట్టు అనిపిస్తుంది. కానీ ఆయన విన్నది గాలిమాట కాదు. ఆయన చెవిన పడినది శాలి. మన కావ్యాల్లో శాలి అంటే వరి (బలశాలి, ధనశాలిలోని శాలి వేరు, దానికీ వరికీ సంబంధం లేదు). ల, ర ఒకటైపోయిన జపాను నోట శాలి కూడా షారి అవుతుంది. శరీరం, శాలి వేర్వేరు గడపల నుంచి బయలుదేరి ఒకే లిపిలో, ఒకే పలుకులో కలిశాయి. మూడోది కూడా ఉంది. బుద్ధుడి శిష్యుడు శారిపుత్రుడి పేరు. ఆయన తల్లి కళ్ళు గోరువంక కళ్ళలా ఉండేవని శారి అని పిలిచారట, మన శారిక అన్న మాటే. ప్రజ్ఞాపారమితా హృదయ సూత్రంలో ఆయనను పిలిచే షారిషి అన్న సంబోధన జపాను ఆలయాల్లో ప్రతిరోజూ వినిపిస్తుంది. దేహం, ధాన్యం, పక్షి, మూడూ ఒకే రెండు చిహ్నాల వెనక ఉన్నాయి.

అయితే అన్నానికి షారి అన్న పేరు శాలి నుంచి వచ్చిందా, శరీరం నుంచి వచ్చిందా? నా మటుకు శరీరం వైపే మొగ్గుతాను. శాలి అన్న సంస్కృత పదం తెలిసినవాళ్ళు జపానులో కొద్దిమంది పండితులు. ధాతువు తెల్లగా, చిన్నగా, గింజలా ఉంటుందన్న సంగతి ఆలయానికి వెళ్ళే ప్రతివాడికీ తెలుసు. కిన్‌కాకు అనే క్యోతో బంగారు మంటపం కూడా అసలు షారిదెన్, అంటే ధాతువుల మందిరమే. పైగా మఠాల్లో తిండిసామానుకు శాస్త్రం పేర్లు పెట్టుకోవడం కొత్త కాదు. సాకె మద్యాన్ని భిక్షువులు హన్న్యతో అన్నారు, ప్రజ్ఞా జలం అని. అన్నం ధాతువు అయిందీ ఆ నోళ్ళలోనే అయి ఉండాలి. హిజోకి వివరణ అప్పటికే ఉన్న పోలికకు శాస్త్రం అండ ఇచ్చింది.

ఇంత దాకా వచ్చాక ఒక ప్రశ్న తప్పదు. చావునూ అన్నాన్నీ విడివిడిగా ఉంచడంలో జపానువాళ్ళంత పట్టింపు గలవాళ్ళు అరుదు. మనిషి పోతే తలాపున గిన్నెనిండా అన్నం గోపురంగా పెట్టి, అందులో చాప్‌స్టిక్స్ నిలువుగా గుచ్చుతారు. దాన్ని మకురమెషి, తలగడ అన్నం అంటారు. అందుకే బతికున్నవాళ్ళ భోజనంలో పుల్లలు అన్నంలో నిలువుగా గుచ్చితే పెద్దవాళ్ళు మందలిస్తారు. దహనం అయ్యాక ఇంటివాళ్ళు చితాభస్మం చుట్టూ నిలబడి, ఇద్దరిద్దరు చేరి ఎముకలను పుల్లలతో ఎత్తి కలశంలో వేస్తారు. పాదాల నుంచి మొదలుపెట్టి తల వైపు వస్తారు, పోయినవాళ్ళు కలశంలో తలక్రిందులు కాకూడదని. చివరగా వేసేది మెడలోని రెండో పూస. కూర్చున్న బుద్ధుడిలా కనిపిస్తుందని దానికి నొదొబొతొకె, గొంతులోని బుద్ధుడని పేరు. ఒకరి పుల్లల నుంచి ఒకరి పుల్లలకు ఎముక అందించే పద్ధతీ ఉంది. కాబట్టి కూరముక్కను అలా పుల్లల నుంచి పుల్లలకు అందిస్తే భోజనం దగ్గర అందరి ముఖాలూ మారిపోతాయి. ఇంత జాగ్రత్తపడే జనం అన్నాన్ని అస్థికల పేరుతో ఎలా పిలవగలిగారు?

షారి వాళ్ళకు మైల కాదు కాబట్టి. ఇంట్లోవాళ్ళ ఎముకలకు మామూలుగా వాడే మాట ఒకొత్సు. షారి అనగానే ముందుగా తట్టేది బుద్ధుడిది, పూజలో ఉండేది, సమ్మెటకు పగలనిది. దాని పేరు గింజకు పెట్టడం గింజను పైకెత్తడమే. ఒక్క బియ్యపుగింజలో ఏడుగురు దేవతలుంటారని అక్కడ పిల్లలకు చెబుతారు. అన్నం పరబ్రహ్మ స్వరూపమని మన అమ్మమ్మలు చెప్పినట్టే, గిన్నెలో మెతుకు మిగల్చకుండా తినమని. దుకాణపు మాటే కదా, సరదాకు అనుకున్నారని కొందరంటారు. నేను ఒప్పుకోను. తిండి లేని రోజుల్లో ఆ మాట ఎలా వాడారో చూస్తే సరదా కాదని తెలుస్తుంది.

1941లో తోక్యో లాంటి పెద్ద నగరాల్లో బియ్యానికి రేషన్ పెట్టారు. పెద్దవాళ్ళకు రోజుకు 330 గ్రాములు. యుద్ధం ముదిరేకొద్దీ అందులో చిలగడదుంపలు, సోయా, బార్లీ కలిశాయి. అప్పుడు ఏమీ కలపని తెల్లన్నాన్ని జనం గిన్‌షారి, వెండి షారి అన్నారు. 1947లో తోక్యోలో యమగుచి యోషితద అనే న్యాయమూర్తి దొంగ బియ్యం కేసులు విచారిస్తూ, ఆ బియ్యం తాను తినకూడదని రేషన్ మీదే బతకడానికి ప్రయత్నించి, పోషణ లేక అక్టోబరులో చనిపోయాడు. ఆ ఏడు జులైలోనే ప్రభుత్వం తినుబండారాల అంగళ్ళను మూయించింది. తోక్యో సుషి వంటవాళ్ళు ఒక ఉపాయం పన్నారు. తాము తిండి అమ్మడం లేదని, జనం తెచ్చిన బియ్యాన్ని కూలికి సుషిగా మార్చి ఇస్తున్నామని వాదించి అనుమతి తెచ్చుకున్నారు. ఒక గో, అంటే సుమారు 150 గ్రాముల బియ్యం తెచ్చుకుంటే పది ముద్దలు చేసిస్తారు. ఎవరి షారి వాళ్ళే పట్టుకుని దుకాణానికి వెళ్ళిన రోజులవి. చేత్తో ముద్ద పట్టే నిగిరి సుషి జపాను అంతటా పాకడానికి ఈ ఏర్పాటు ఒక పెద్ద కారణం.

సుషిలో అన్నం స్థానం మొదట ఇంత గొప్పది కాదు. బివా సరస్సు ఒడ్డున ఇప్పటికీ చేసే ఫునజుషిలో చేపను ఉప్పులో నెలలు ఉంచి, తర్వాత అన్నంలో పొరలుపొరలుగా పెట్టి మళ్ళీ నెలల తరబడి మగ్గబెడతారు. అన్నం పులిసి జావలా అయిపోతుంది, చేపను తీసి దాన్ని తుడిచేస్తారు. పులుపు పుట్టించి పక్కకు తప్పుకోవడమే అక్కడ అన్నం పని. 1820ల నాటి ఎదో (నేటి తోక్యో) నగరంలో వెనిగర్ కలిపిన అన్నాన్ని అప్పటికప్పుడు ముద్ద చేసి చేప పెట్టి ఇవ్వడం మొదలయ్యాక (హనయ యోహెయ్ పేరు చెబుతారు) కథ మారింది. ఈనాడు సుషిలో ఆరు పాళ్ళు షారి, నాలుగు పాళ్ళు నెత అంటారు. అన్నం వండడం మూడేళ్ళు, ముద్ద పట్టడం ఎనిమిదేళ్ళు అన్న మాట ఆ వృత్తిలో ఉంది. వండిన అన్నాన్ని వెడల్పాటి చెక్క తొట్టిలో వేసి, వెనిగర్ చల్లి, మెతుకు చితకకుండా గరిటెను అడ్డంగా కోసినట్టు ఆడిస్తూ విసనకర్రతో విసురుతారు. ముద్ద పట్టే వేళకు అది హితోహద మీద ఉండాలి. హితోహద అంటే మనిషి చర్మం. అంటే ఒంటి వెచ్చదనం. శరీరం అన్న పేరున్న అన్నానికి వాళ్ళు పెట్టుకున్న కొలత అది.

ఇప్పుడు హైదరాబాదులోనూ, మనవాళ్ళున్న అమెరికా ఊళ్ళలోనూ సుషి దొరుకుతోంది. తినడానికి కూర్చుంటే ముద్ద ముందుకు రాగానే తినండి, చేత్తోనైనా సరే, అది తప్పు కాదు. సోయా సాస్ చేపకు తగలాలి, అన్నానికి కాదు. ఫొటోల కోసం ఆగితే ఆ వెచ్చదనం పోతుంది. చేపముక్క మాత్రం తీసుకుని కింద అన్నం వదిలేయకండి. ఆ అన్నాన్ని పిలిచే పేరు ఒకప్పుడు మన భట్టిప్రోలు రాతి మీద చెక్కిన మాట.