ఐక్యూ 197.. 13 ఏళ్లకే నాసా హ్యాకింగ్! 'స్కార్పియన్' హీరో వెనకున్న అసలు మనిషి ఎవరు?

అమెరికాలోని సీబీఎస్ ఛానెల్‌లో 2014 సెప్టెంబర్ 22న మొదలైన సిరీస్ 'స్కార్పియన్'. నాలుగు సీజన్లు, 93 ఎపిసోడ్లు నడిచి 2018లో ముగిసింది. ఇందులో హీరో పేరు వాల్టర్ ఓబ్రయన్. ఎలియస్ గాబెల్ నటించారు. ఎంత పెద్ద ప్రమాదం వచ్చినా కంప్యూటర్‌తో గట్టెక్కించేస్తాడు. విశేషం ఏంటంటే.. అదే పేరుతో అసలు మనిషి కూడా ఉన్నారు. ఆ సిరీస్ ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్లలో ఆయనా ఒకరు.

ఎవరీ ఓబ్రయన్?

ఐర్లాండ్‌లో పుట్టారు. ఇంగ్లండ్‌లోని ససెక్స్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్, ఏఐ చదివారు. తర్వాత అమెరికా వెళ్లి స్కార్పియన్ కంప్యూటర్ సర్వీసెస్ అనే కంపెనీ నడిపారు. ఇంతవరకు పేచీ లేదు. పేచీ అంతా ఆయన తన గురించి చెప్పుకున్న మాటల దగ్గరే.

చెప్పుకున్నవి ఏంటి? తేలినవి ఏంటి?

ఐక్యూ 197: చిన్నప్పుడు టీచర్ పెట్టిన పరీక్షలో వచ్చిందంటారు. కాగితం మాత్రం లేదు. ఇప్పటి ఐక్యూ కొలత ప్రకారం సగటు 100. లెక్క వేస్తే 197 అనేది వెయ్యి కోట్ల మందిలో ఒక్కరికి కూడా రాని స్కోరు. భూమ్మీద ఉన్నదే 800 కోట్ల మంది!

నాసా హ్యాకింగ్: 13 ఏళ్ల వయసులోనే నాసా కంప్యూటర్లలోకి చొరబడ్డానంటారు. సిరీస్ మొదటి ఎపిసోడ్ కూడా ఈ సంఘటనతోనే మొదలవుతుంది. దీన్ని రుజువు చేసే పత్రం ఏదీ విలేకరులకు దొరకలేదు.

ప్రపంచంలో ఆరో ర్యాంకు: ప్రోగ్రామింగ్ పోటీల్లో ప్రపంచంలో ఆరో స్థానమని ఆయన పరిచయాల్లో రాసుకున్నారు. 1993లో అర్జెంటీనాలో జరిగిన అంతర్జాతీయ ఇన్ఫర్మాటిక్స్ ఒలింపియాడ్‌లో ఐర్లాండ్ తరఫున పాల్గొన్న మాట నిజమే. రికార్డుల్లో ఆయన స్థానం మాత్రం 90.

సిరీస్ ప్రసారానికి ముందే టెక్ విలేకరులు ఈ ప్రశ్నలన్నీ లేవనెత్తారు. గోప్యత ఒప్పందాల వల్ల చాలా వివరాలు బయటపెట్టలేనన్నది ఓబ్రయన్ జవాబు. మరి 90వ స్థానం తక్కువా? కాదు. ఓ దేశం జట్టులో చోటు దక్కడమే గొప్ప. అదే ఆరో స్థానమయ్యేసరికి అసలు గొప్ప కూడా అనుమానంలో పడింది.

మన దగ్గర మల్లేశం కథ

తెలంగాణలోనూ ఓ టెక్నీషియన్ జీవితం తెరకెక్కింది. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం. ఆరో తరగతితోనే చదువు ఆగిపోయింది. ఆసు పోయడానికి ఒక్కో చీరకు వేలసార్లు చెయ్యి అటూ ఇటూ తిప్పి అమ్మ భుజం నొప్పితో బాధపడటం చూసి, ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రం తయారు చేశారు. దానికి అమ్మ పేరే పెట్టారు.. లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2019లో ప్రియదర్శి హీరోగా 'మల్లేశం' సినిమా వచ్చింది. ఆయన ఐక్యూ ఎంతో ఎవరూ అడగలేదు. యంత్రం తిరుగుతోందా లేదా అన్నదే చూశారు.

గద్వాల మగ్గాల దగ్గరా ఇదే లెక్క. చీర మడిస్తే అగ్గిపెట్టెలో పడుతుందన్న పేరు గద్వాలది. ఆ మాట నమ్మని వాళ్ల ముందు మడిచి చూపిస్తే చాలు.

ఇలాంటి 'జీనియస్' ఎదురైతే..

ఇప్పుడు ఫోన్ తెరిస్తే చాలు, నేనే నంబర్ వన్ అనే టెక్ గురువులు రీల్స్‌లో కనిపిస్తారు. కోర్సుకు ఫీజు కట్టే ముందు మూడు విషయాలు చూసుకోవాలి. ర్యాంకు అంటే ఏ పోటీ, ఏ సంవత్సరం? ఆ పోటీ నిర్వాహకుల జాబితాలో పేరు ఉందా? చేసిన పని మనం వాడి చూడొచ్చా? మూడింటికీ 'అది రహస్యం' అనే జవాబే వస్తే డబ్బు జేబులోనే ఉంచుకోవడం మంచిది. 'నిజ జీవిత ఆధారంగా' అని తెర మీద పడినంత మాత్రాన ప్రతి సీనూ నిజం అయిపోదు.