లోపలికి తిరిగిన మైకు

తెలుగువారి వాడుకలో ‘మైకు’ రెండు వస్తువులకు ఒకే పేరు. ఉపన్యాసకుడి ముందు నిలబెట్టేదీ మైకే, పందిరి గుంజకు కట్టే బాకా కూడా మైకే. ఒకటి వింటుంది, మరొకటి పలుకుతుంది. అయినా ఈ వాడుకను పొరపాటని కొట్టివేయడానికి లేదు. అయస్కాంతపు నడుమ ఒక తీగచుట్ట, దానికి అంటిన పల్చని పొర ఉన్నాయనుకుందాం. ధ్వని తగిలి పొర కదిలితే తీగలో విద్యుత్తు పుడుతుంది. తీగలోకి విద్యుత్తును పంపితే పొర కదిలి ధ్వని పుడుతుంది. పాత ఇంటర్‌కమ్ పెట్టెలలో ఒకే స్పీకరు వంతులవారీగా ఈ రెండు పనులూ చేసేది.

వెర్నర్ సీమెన్స్ 1870లలోనే ఇటువంటి అమరికకు పేటెంటు పొందాడు. కాని దానిని బిగ్గరగా పలికించే సాధనం అప్పటికి లేదు. మామూలు సంభాషణలో మనిషి గొంతు వెలువరించే ధ్వనిశక్తి ఒక వాటులో సుమారు లక్షవ వంతు. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ ఆ ధ్వని 6 డెసిబెళ్ళు తగ్గిపోతుంది. 1915లో పీటర్ జెన్సెన్, ఎడ్విన్ ప్రిడమ్ శాన్ ఫ్రాన్సిస్కోలో తమ లౌడ్‌స్పీకరును జనసమూహానికి వినిపించారు. 1919లో అమెరికా అధ్యక్షుడు విల్సన్ శాండియాగోలో దాదాపు 50,000 మందిని ఉద్దేశించి అటువంటి పరికరంతోనే ప్రసంగించాడు. లీ డి ఫారెస్ట్ 1906లో తలపెట్టిన వాల్వు క్రమంగా మెరుగుపడి ఆంప్లిఫయరుకు ప్రాణమైంది. 1925లో రైస్, కెలాగ్ రూపొందించిన శంకువు స్పీకరు నేటి స్పీకర్లకు మాతృక.

పదేళ్ళు తిరిగేసరికి ఈ సాధనం సింగపూర్ చేరింది. 1932లో పునర్నిర్మాణం పూర్తయిన సుల్తాన్ మసీదులో 1936లో మైకు, లౌడ్‌స్పీకర్లు అమర్చారు. మసీదులలో ఇటువంటి ఏర్పాటుకు తెలిసిన తొలి ఉదాహరణ ఇదే. మౌజన్ పిలుపు మైలు దూరానికి పైగా వినబడగలదని అప్పట్లో చెప్పుకున్నారు. మసీదు చుట్టూ కంపొంగ్ గ్లామ్‌లో ముస్లిములు అధికంగా నివసించిన కాలమది. పిలుపు ఎవరికోసమో వారే దానిని వినేవారు.

1960లో గృహనిర్మాణ సంస్థ ఏర్పడిన తరువాత నగరపు రూపు మారింది. పాత వాడలవారు బహుళ అంతస్తుల భవనాలలోకి తరలారు. భిన్నమతాలవారు ఒకే గోడకు అటూ ఇటూ కాపురాలు పెట్టారు. దూరం వెళ్ళిన భక్తులకు మసీదు పిలుపు అందలేదు. దగ్గరున్న ఇతరులకు అది అక్కరలేని ధ్వని అయింది. 1974లో ప్రభుత్వం శబ్దనియంత్రణకు పూనుకున్నప్పుడు మసీదుల లౌడ్‌స్పీకర్లను లోపలివైపు తిప్పారు. అజాన్‌ను రోజుకు ఐదుసార్లు రేడియోలో ప్రసారం చేసే ఏర్పాటు జరిగింది.

దీనిని కేవలం నిషేధంగా చూస్తే సగమే చూసినట్టు. మినారు పైనుంచి వినబడే పిలుపుకు ఒక పేట ఎల్ల. రేడియోలో వచ్చే పిలుపుకు ద్వీపమంతా ఎల్ల. చెదిరిపోయిన సమాజం ఒకే క్షణాన ఒకే గొంతును తిరిగి వినగలిగింది. అయితే వీధి మొత్తానికి చెందిన ధ్వని ఇంటిలోని మీట మీద ఆధారపడింది. ఆ నష్టమూ నిజమే.

కంటికి రెప్ప ఉంది, చెవికి లేదు. నిద్రలో సైతం చెవి తెరిచే ఉంటుంది. గొంతును ఎంత దూరమైనా పంపవచ్చునని ఇంజనీర్లు నిరూపించారు. ఎటువైపు పంపాలన్నది మాత్రం ఇరుగుపొరుగువారు కలిసి తేల్చుకోవలసిన విషయం. పలికే పరికరంలోనే వినే గుణమూ ఉందన్న సంగతిని ‘మైకు’ అన్న మాట మనకు ఎప్పటినుంచో గుర్తుచేస్తూనే ఉంది.