కర్త ఎప్పుడూ యూరపేనా?

చిత్తూరు నుంచి బెంగళూరు వెళ్ళే దారిలో ఉన్న బంగారుపాళ్యం పేరు ఇవాళ మామిడి మండీతో వినబడుతుంది. రెండు వందల ఏళ్ళ కిందట ఈ పరిసరాలు బంగారి పాళెగాళ్ళ ఏలుబడిలో ఉండేవి. బంగారి, కల్లూరు, పులిచెర్ల, పాకాల, నరగంటి వంటి పాళేలను కలిపి కంపెనీవాళ్ళు చిత్తూరు పాళేలని రాసుకున్నారు. 1801 జూలై 31న ఆర్కాటు నవాబు కర్ణాటకం (కర్నాటిక్) పాలనను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. దాంతో ఈ పాళేలన్నీ కంపెనీ కిందికి వచ్చాయి. ఇకపై ఎవరు పన్ను కట్టాలి, ఎవరు ఆయుధం పట్టాలి, ఊరి కావలి ఎవరిది అన్నవి కలెక్టరు తేల్చే సంగతులయ్యాయి. కొందరు పాళెగాళ్ళు ఎదురు తిరిగారు. కొద్ది ఏళ్ళలోనే సైన్యం దిగి వాళ్ళను అణచివేసింది.

కంపెనీ కాగితాల్లో పాళెగాడు తలెత్తేది పేష్కషు (కప్పం) ఎగ్గొట్టినప్పుడో, కొండెక్కి దాక్కున్నప్పుడో, లొంగిపోయినప్పుడో. అంతకు ముందు అతని కావలి ఎలా నడిచింది, చెరువు కట్టకు మట్టి ఎవరు ఎత్తారు, ఏ గుడికి ఏ మాన్యం సాగింది అన్నవి అక్కడ చరిత్ర అనిపించుకోలేదు. ఆ వాక్యాల్లో పని చేసేవాడు, అంటే కర్త, ఎప్పుడూ తెల్లదొరే. ఊరివాడు ఆ పనికి గురయ్యేవాడు. ప్రపంచ చరిత్రను యూరప్ చుట్టూ తిప్పి రాసే అలవాటు మన గడప దాకా వచ్చింది ఈ వాక్య నిర్మాణంలోనే. మన పేర్లు పుస్తకంలో ఉన్నాయా లేవా అన్నది తర్వాతి ప్రశ్న. ఉన్న పేర్లు ఏం చేస్తున్నట్టు రాశారన్నది ముందు అడగాల్సింది.

అలాగని దొరలు రాకముందు తెలుగువాళ్ళకు చరిత్ర రాయడం తెలియదా? గ్రామ కరణాలు భూములు, మాన్యాలు, వంశాలు, తగాదాలు కవిలెల్లో రాసి తరతరాలకు అందించారు. విజయనగర వైభవాన్ని నాయక రాజుల కాలపు దృష్టితో తెలుగు వచనంలో చెప్పిన రాయవాచకం ఉంది. కాకతీయుల కథను ఏకామ్రనాథుడు ప్రతాపరుద్ర చరిత్రముగా రాశాడు. 1757 నాటి యుద్ధాన్ని బొబ్బిలి కథ ఊరూరా వినిపించింది. వీటిలో అతిశయోక్తులున్నాయి, తేదీల తికమకలున్నాయి. కానీ జరిగినదాన్ని కారణంతో సహా చెప్పాలనే తపన కూడా ఉంది. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం కలిసి 2001లో తెచ్చిన ‘టెక్స్‌చర్స్ ఆఫ్ టైమ్’ పుస్తకం నిరూపించబూనింది ఇదే. దక్షిణాదిలో చరిత్ర ఉంది, అది కావ్యం, కథ, కరణం వచనం వంటి రూపాల్లో ఉంది, చదివేవాడికి ఆ తేడా పట్టే చెవి కావాలి అని వాళ్ళ వాదన.

ఈ సంపదను కాగితం మీదికి ఎక్కించిన పెద్ద ప్రయత్నం కూడా దొర పేరుమీదే చెలామణీ అయింది. స్కాట్లాండ్ నుంచి వచ్చిన కాలిన్ మెకంజీ సర్వే పనిమీద తిరుగుతూ కైఫియత్తులు (ఊళ్ళ చరిత్రలు), శాసనాల నకళ్ళు, తాళపత్రాలు పోగు చేశాడు. ఊళ్ళలోకి వెళ్ళి కరణాలను, పూజారులను, పెద్దలను మాట్లాడించి రాయించింది మాత్రం కావలి ఇంటిపేరున్న సోదరులు. పెద్దవాడు బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే చనిపోయాడు. తమ్ముడు లక్ష్మయ్య ఆ పని మోశాడు. మరో తమ్ముడు రామస్వామి 1829లో కలకత్తాలో దక్కను కవుల జీవితాల మీద ఇంగ్లీషులో పుస్తకం అచ్చువేశాడు. మెకంజీ 1821లో పోయాడు. ఆ తర్వాత ఈ సేకరణను తాను కొనసాగిస్తానని లక్ష్మయ్య ముందుకొచ్చాడు. 1830ల్లో ఆ ప్రతిపాదన బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ ముందుకు వెళితే, అంతటి పనికి అతని యోగ్యత చాలదని సొసైటీ కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్ తేల్చాడు. పని విలియం టేలర్ అనే మిషనరీకి దక్కింది. దాదాపు నలభై ఏళ్ళు ఆ కాగితాల మధ్యే బతికిన మనిషి సేకరించడానికి పనికొచ్చాడు, అర్థం చెప్పడానికి పనికిరాలేదు. సమాచారం ఇక్కడిది, తీర్పు అక్కడిది అన్న ఈ పని విభజన తర్వాతి నూరేళ్ళ చరిత్ర రచనను నడిపింది.

ఈలోగా ఆ తీర్పు ఎలా ఉండాలో లండన్‌లో ఖరారైపోయింది. జేమ్స్ మిల్ 1817లో ‘హిస్టరీ ఆఫ్ బ్రిటిష్ ఇండియా’ ప్రచురించాడు. అతడు ఈ దేశంలో కాలుపెట్టలేదు, ఇక్కడి ఏ భాషా రాదు. ఆ దూరమే తనకు నిష్పాక్షికత ఇచ్చిందని వాదించాడు కూడా. భారత చరిత్రను హిందూ, మహమ్మదీయ, బ్రిటిష్ యుగాలుగా కోశాడు. మొదటి రెండూ మతాలతో గుర్తించిన యుగాలు. మూడోది మతం పేరుతో కాక జాతి పేరుతో వచ్చి, ఆధునికత అన్న అర్థం సంపాదించుకుంది. కంపెనీ ఉద్యోగులను తయారుచేసే హెయిలీబరీ కళాశాలలో ఈ పుస్తకం చదివించారు. అదే కాలంలో బెర్లిన్‌లో హెగెల్ చేసిన ఉపన్యాసాలు అతను పోయాక 1837లో పుస్తకంగా వచ్చాయి. చరిత్ర తూర్పున మొదలై పడమర ముగుస్తుందని, ఆఫ్రికా చరిత్రకు బయటే ఉందని వాటి సారం. 1835 ఫిబ్రవరి 2 నాటి మెకాలే నివేదిక ఇక్కడి విద్యను ఇంగ్లీషు వైపు తిప్పింది. ఇలా రెండు దశాబ్దాల వ్యవధిలో పాఠం, దాని వెనక తత్వం, దాన్ని చెప్పే భాష సిద్ధమయ్యాయి.

విజయనగరం సంగతి చూస్తే ఈ చూపు పనితీరు తెలుస్తుంది. రాబర్ట్ సీవెల్ 1900లో పోర్చుగీసు యాత్రికులు పేస్, నూనిజ్‌ల రాతలను ఇంగ్లీషులోకి తెచ్చి గొప్ప పుస్తకం రాశాడు. దానికి పెట్టిన పేరు ‘మరచిపోయిన సామ్రాజ్యం’. ఎవరు మరిచారు? తిరుమల గుడిలో కృష్ణదేవరాయలు, ఇద్దరు రాణుల విగ్రహాలు చేతులు జోడించి నిలబడే ఉన్నాయి. చంద్రగిరిలో రాజమహల్ నిలిచే ఉంది. రాయల మీద చాటువులు, కథలు నోట్లో నానుతూనే ఉన్నాయి. తిరుమల శాసనాల్లో దానాల వివరాలు రాళ్ళ మీదే ఉన్నాయి, 1930ల్లో దేవస్థానం వాటిని సంపుటాలుగా అచ్చువేసింది. సీవెల్ శ్రమకు మనం రుణపడి ఉన్నాం. అయినా యూరప్ గుర్తుంచుకుంటేనే జ్ఞాపకం అనే లెక్క ఆ శీర్షికలో దాగి ఉంది.

మద్రాసు కథా అంతే. 1639లో ఇంగ్లీషువాళ్ళు మద్రాసును స్థాపించారని పాఠం. ఆ స్థలాన్ని ఫ్రాన్సిస్ డేకు రాసిచ్చింది దామెర్ల వంశపు నాయకుడు. 1645లో దాన్ని ఖాయం చేసింది చంద్రగిరి రాయలు మూడో శ్రీరంగరాయలు. ఇచ్చినవాళ్ళు ఎందుకు ఇచ్చారు, పులికాట్‌లో పాతుకున్న డచ్చివాళ్ళ మధ్య వాళ్ళ లెక్కలేమిటి అని అడిగితే రాజకీయ వ్యూహాలున్న మనుషులు కనబడతారు. అడగకపోతే ఖాళీ ఇసుక తిన్నె కనబడుతుంది.

ఇరవయ్యో శతాబ్దపు తొలి రోజుల్లో తెలుగువాళ్ళే కలం పట్టారు. 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలి పుట్టింది. కొమర్రాజు లక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు వంటివారి పూనికతో లోకజ్ఞానం తెలుగులోకి వచ్చింది. 1910లో చిలుకూరి వీరభద్రరావు ‘ఆంధ్రుల చరిత్రము’ మొదటి సంపుటి వెలువడింది. మన చరిత్రను మనం రాసుకోవడం ఆ తరానికి స్వరాజ్యంలో భాగం. కానీ పాత చట్రం అంత తేలిగ్గా వదల్లేదు. కొమర్రాజు పుస్తకాల పేర్లే ‘హిందూ మహాయుగము’, ‘మహమ్మదీయ మహాయుగము’. మిల్ నీచంగా చూసినదాన్ని మనవాళ్ళు ఘనంగా చూశారు, అతను గీసిన సరిహద్దు గీతలు మాత్రం అలాగే మిగిలాయి. ఒక జాతి, దాని ఉదయం, వైభవం, పతనం, పునరుజ్జీవనం అన్న కథాక్రమం కూడా పందొమ్మిదో శతాబ్దపు యూరప్ జాతీయవాదం నుంచి వచ్చిందే. తిట్టును పొగడ్తగా మార్చినంత మాత్రాన కొలబద్ద మారదు.

కొలబద్దనే మార్చబోయినవాళ్ళూ ఉన్నారు. 1930 నుంచి 1933 దాకా జైళ్ళలో కూర్చుని నెహ్రూ కూతురికి రాసిన ఉత్తరాల్లో చైనా, పర్షియా, అరబ్బు దేశాలు, ఆగ్నేయాసియా యూరప్‌తో సమానంగా నడిచాయి. యూరప్‌నే ప్రపంచమనుకోవద్దని ఆయన కూతురిని హెచ్చరించాడు. 1949లో వచ్చిన సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ మరో దారి తొక్కింది. రాజులను పక్కకు జరిపి జనం తిన్న తిండి, ఆడిన ఆటలు, కట్టిన బట్టలు, నమ్మిన దేవతలను కావ్యాల్లోంచి ఏరింది. 1955లో తెలుగుకు తొలి సాహిత్య అకాడమీ పురస్కారం ఆ పుస్తకానికి రావడం ఊరికే కాదు. బయట 1988లో సమీర్ అమీన్ ‘యూరోసెంట్రిజం’ పేరుతోనే పుస్తకం రాశాడు. 1993లో బ్లాట్, 2000లో దీపేశ్ చక్రవర్తి, అదే ఏడాది కెన్నెత్ పొమెరాంజ్ ఈ వాదాన్ని వేర్వేరు వైపుల నుంచి ముందుకు నడిపారు. పద్దెనిమిదో శతాబ్దం దాకా చైనాలోని సంపన్న ప్రాంతాలు ఇంగ్లండుకు తీసిపోలేదని, తేడా తెచ్చినవాటిలో దగ్గర్లో దొరికిన బొగ్గు, అమెరికా ఖండాల భూములు ముఖ్యమని పొమెరాంజ్ చూపించాడు. యూరప్ గెలుపు పుట్టుకతో వచ్చిన గుణం వల్ల అనే పాత నమ్మకానికి అది గట్టి దెబ్బ.

పరిశోధన ఇంత దూరం నడిచినా బడి పాఠం వెనకే ఉండిపోయింది. ఎన్‌సీఈఆర్‌టీ 2006, 2007లలో తెచ్చిన పుస్తకాల్లో తొమ్మిదో తరగతి చరిత్ర ఫ్రెంచి విప్లవంతో, పదో తరగతి చరిత్ర యూరప్‌లో జాతీయవాదంతో మొదలయ్యాయి. వాటిని పాత పుస్తకాలతో ఒకే గాటన కట్టడం అన్యాయం. బస్తర్ అడవులు, జావా కలప, మన గొల్లలు, కురుమలు ఆ పేజీల్లోకి వచ్చారు. అయినా కథ తెరలేచింది పారిస్‌లోనే. స్వేచ్ఛ, సమానత్వం అనే నినాదాలను వాటి పరాకాష్ఠకు తీసుకెళ్ళింది ఫ్రాన్సు వలసలోని చక్కెర తోటల నల్ల బానిసలు. 1791లో తిరగబడి, 1804 జనవరి 1న హైతీని స్వతంత్ర దేశంగా ప్రకటించారు. ఆ విప్లవం పేరు ఎంతమంది పదో తరగతి పిల్లలకు తెలుసు?

కొత్త ఖండాన్ని కొలంబస్ కనుగొన్నాడని చెప్పే పాఠానికి మన పొలాలే జవాబు చెప్పగలవు. మదనపల్లె టమోటా, గుంటూరు మిరప, రాయలసీమ మెట్టను ఏలిన వేరుశనగ ఈ మూడూ అమెరికా ఖండాల మొక్కలు. అక్కడి ఆదిమ రైతులు వేల ఏళ్ళు సాకి మచ్చిక చేసిన పంటలు. కొలంబస్ తర్వాత ఆ జనంలో అత్యధికులు రోగాలకు, కత్తికి బలైపోయారు. వాళ్ళ వ్యవసాయ జ్ఞానం మాత్రం సముద్రం దాటి వచ్చి మన కూరలో కారమైంది. ఆ పాఠంలో కర్త ఓడ నడిపినవాడా, విత్తనం తీర్చినవాడా?

ప్రపంచ చరిత్రను చిత్తూరు జిల్లా నుంచే మొదలుపెట్టొచ్చు. 1740లో పాకాల దగ్గరి దామలచెరువు కనుమలో మరాఠాల చేతిలో ఆర్కాటు నవాబు దోస్త్ అలీ చనిపోయాడు. ఆ తర్వాత చెలరేగిన వారసత్వ తగాదాల్లోకి ఫ్రెంచివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు దూరారు. 1778లో అమెరికా స్వాతంత్ర్య పోరాటానికి ఫ్రాన్సు తోడైంది. దాంతో ఇంగ్లీషువాళ్ళు ఇక్కడి ఫ్రెంచి స్థావరాల మీద పడి 1779లో మాహేను పట్టుకున్నారు. మైసూరు ఏలుతున్న హైదరాలీ 1780లో కర్ణాటకం మీదికి దిగడానికి ఉన్న కారణాల్లో అదొకటి. ఆ సెప్టెంబరులో పొల్లిలూరు దగ్గర మైసూరు రాకెట్ల మధ్య కంపెనీ సైన్యం ఒకటి తుడిచిపెట్టుకుపోయింది. ఆ వార్త అట్లాంటిక్ దాటింది. 1782 ఏప్రిల్‌లో డెలావేర్ అఖాతంలో ఇంగ్లీషు ఓడను ఓడించిన అమెరికా నౌక పేరు ‘హైదర్ అలీ’. ఆ ఏడాదే డిసెంబరు 7న చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేటలో హైదరాలీ కన్నుమూశాడు. మైసూరు రాకెట్లను చూసి ఇంగ్లండులో కాంగ్రీవ్ తయారుచేసిన రాకెట్లు 1814లో అమెరికాలోని బాల్టిమోర్ కోట మీద పేలాయి. అమెరికా జాతీయగీతంలో ఆ వెలుగు చోటు చేసుకుంది.

ఈ వరసలో యూరప్ ఉంది, ఉండాలి. ఫ్రెంచి విప్లవాన్ని తీసేసి ఆ చోట మన రాజుల భజన పెడితే చేసేది అదే తప్పు. విమానాలూ అణుబాంబులూ మనకు ముందే ఉన్నాయన్న గొప్పలు మిల్ వేసిన పరీక్షలోనే ఎక్కువ మార్కులు కోరుకోవడం. పైగా మన చరిత్రకూ దాని కర్తలున్నారు, దానికి గురైనవాళ్ళున్నారు. పాళెగాడి కథను గొప్పగా చెప్పి, అతని పొలంలో వెట్టి చేసిన మాలమాదిగల ఊసెత్తకపోతే, దొర కూర్చున్న కుర్చీలో పాళెగాణ్ణి కూర్చోబెట్టినట్టే.

అందుకని మార్పు సిలబస్ కమిటీ నుంచి దిగేదాకా ఆగనక్కర్లేదు. బంగారుపాళ్యం బళ్ళో పదో తరగతి పాఠం చెప్పే అయ్యవారు ప్రతి అధ్యాయానికీ రెండు ప్రశ్నలు చేర్చొచ్చు. ఈ సంఘటన జరిగిన ఏడాది మన జిల్లాలో ఏం జరుగుతోంది? ఈ పేజీలో ఎవరు పని చేస్తున్నారు, ఎవరు ఊరికే ఉన్నట్టు రాశారు? మొదటిదానికి జిల్లా చరిత్రలు, కైఫియత్తులు, గుడి శాసనాలు ఉన్నాయి. రెండోదానికి పుస్తకం కూడా అక్కర్లేదు. తెలుగు వ్యాకరణంలో కర్తనూ కర్మనూ గుర్తుపట్టడం పిల్లలకు అప్పటికే వచ్చు. చరిత్ర పీరియడ్‌లో కూడా ఆ పని చేయనివ్వాలి.