బాక్సు ముందు ఎవరికి చేరింది?

‘బాక్సు వచ్చిందా?’ ఒకప్పుడు తెలుగు ఊళ్లలో కొత్త సినిమా విడుదలైతే హాలు ముందు మొదట వినిపించిన ప్రశ్న ఇది. రీళ్ల పెట్టె నగరాల్లో ఆడి, బి సెంటర్లకు దిగి, గీతలూ అతుకులూ పడి సి సెంటరు చేరేసరికి నెలలు గడిచేవి. ఫిల్మ్ నగర్ చరిత్రకారులు తారల గురించి రాశారు గాని పెట్టె నడిచిన దారి గురించి రాయలేదు. చిన్న హాలు యజమాని లాభనష్టాలను తేల్చింది ఆ దారే.

బిట్‌కాయిన్ చరిత్రను నేను ఈ దృష్టితోనే చూస్తాను. 2009లో మొదలైన ఈ ఉమ్మడి ఖాతాపుస్తకంలో సుమారు 10 నిమిషాలకొకసారి ఎవరో ఒక మైనరు కొత్త పేజీ, అంటే బ్లాకు, చేర్చి ప్రతిఫలం పొందుతాడు. నియమం అందరికీ ఒకటే. పేజీ మాత్రం అందరికీ ఒకేసారి అందదు. అందేదాకా మిగిలినవాళ్లు పాత పేజీ మీదే కరెంటు తగలేస్తుంటారు. రాసినవాడికి ఆ ఆలస్యం లేదు. యంత్రాలెక్కువున్నవాడే ఎక్కువ పేజీలు రాస్తాడు గనుక ఆ సౌలభ్యమూ ఎక్కువసార్లు అతనిదే. ఇద్దరు ఒకేసారి రాస్తే, ఎక్కువ యంత్రశక్తికి ముందు చేరిన పేజీయే సాధారణంగా నిలుస్తుంది. రెండోదాని శ్రమ బూడిదలో పోసినట్టే.

2013లో డెకర్, వాటెన్‌హోఫర్ కొలిచి చూశారు: సగం యంత్రాలకు బ్లాకు 6.5 సెకన్లలో చేరింది, 40 సెకన్ల తర్వాత కూడా నూటికి 5 యంత్రాలకు అందలేదు. అదే ఏడు ఎయల్, సిరర్ మరో సంగతి చూపారు. మూడో వంతుకు మించిన శక్తి ఉన్న కూటమి, దొరికిన బ్లాకును కొంతసేపు దాచిపెట్టి తన వాటాకు మించి సంపాదించగలదు. బ్లాకులో టిక్కెట్లు కొన్న మనకు ఈ విద్య కొత్తదేం కాదు!

ఆలస్యం భయంతో కొందరు మైనర్లు అందిన పేజీని సరిచూడకుండానే దాని మీద పని మొదలుపెట్టేవారు. 2015 జులై 4న అలా ఆరు చెల్లని బ్లాకులు పేరుకుని, అందరి కష్టమూ పోయింది. అందరి దగ్గరా ఉన్న లావాదేవీలను మళ్లీ పంపకుండా గుర్తులు మాత్రమే పంపే పద్ధతి 2016లో వచ్చి ఆలస్యాన్ని బాగా తగ్గించింది.

ఫిల్మ్ నగర్‌లోనూ పెట్టె పోయి ఉపగ్రహం వచ్చింది. సి సెంటరుకూ మొదటిరోజే బొమ్మ పడింది. ఐతే 2018 మార్చిలో దక్షిణాది నిర్మాతలు డిజిటల్ కంపెనీలకు సినిమాలివ్వడం ఆపేశారు. తగాదా ఆ చేరవేతకు కట్టవలసిన రుసుము మీదే.