మినీడిస్క్ రికార్డరు

మినీడిస్క్ రికార్డరు అనేది మినీడిస్క్ అనే చిన్న పళ్ళెంపై శబ్దాన్ని డిజిటల్ రూపంలో నమోదు చేసి, తిరిగి వినిపించే పరికరం. దీనిని జపానుకు చెందిన సోనీ సంస్థ రూపొందించింది. ఇంట్లో వాడే పెద్ద యంత్రాలు కూడా ఉన్నప్పటికీ, జేబులో పట్టే రకాలే ఎక్కువ ప్రసిద్ధి పొందాయి. పాటలు వినడానికే కాక కచేరీలు, ఉపన్యాసాలు, ముఖాముఖి సంభాషణలు రికార్డు చేయడానికి కూడా వీటిని వాడేవారు. క్యాసెట్టుపై రికార్డు చేస్తున్నపుడు మధ్యలో విద్యుత్తు ఆగిపోతే అప్పటివరకు ఎక్కినది మిగులుతుంది. మినీడిస్కులో అది పళ్ళెంపై ఉన్నా యంత్రానికి కనబడకపోవచ్చు. ఈ యంత్రాన్ని వాడేవారు మొదట తెలుసుకోవలసిన తేడా ఇదే.

చరిత్ర

సోనీ సంస్థ మినీడిస్కును 1991లో ప్రకటించి, 1992 నవంబరులో జపానులో విక్రయించడం ప్రారంభించింది. మొదటి పోర్టబుల్ రికార్డరు పేరు ఎంజెడ్-1. అదే కాలంలో ఫిలిప్స్ సంస్థ డిజిటల్ కాంపాక్ట్ క్యాసెట్టుతో పోటీకి వచ్చింది కానీ అది కొద్ది సంవత్సరాలకే కనుమరుగైంది. మినీడిస్క్ జపానులో బాగా వ్యాపించింది. భారతదేశంలో క్యాసెట్లు, తరువాత ఎంపీ3 సీడీలే చెల్లుబాటు కావడంతో ఇక్కడ దీనికి అంత ఆదరణ లభించలేదు. 2000లో ఎక్కువ నిడివి పట్టే ఎల్‌పీ పద్ధతి, 2001లో కంప్యూటరుతో అనుసంధానమయ్యే నెట్‌ఎండీ, 2004లో 1 గిగాబైటు పట్టే హై-ఎండీ వచ్చాయి. మినీడిస్క్ వాక్‌మన్‌ల సరఫరా 2011లో నిలిచిపోయింది. ఖాళీ పళ్ళేల తయారీని సోనీ 2025 ఫిబ్రవరిలో ఆపివేసింది.

పనిచేసే విధానం

పళ్ళెం వ్యాసం 64 మిల్లీమీటర్లు. ఇది ప్లాస్టిక్ డబ్బీలో భద్రంగా ఉంటుంది. రికార్డు చేసేటపుడు ఒక వైపు నుండి లేజర్ కిరణం అయస్కాంత పొరలోని అతి చిన్న బిందువును సుమారు 180 డిగ్రీల సెల్సియస్ వరకు వేడి చేస్తుంది. మరో వైపున ఉన్న అయస్కాంత శీర్షం ఆ బిందువు దిశను మారుస్తుంది. వేడి తగ్గగానే ఆ దిశ స్థిరపడిపోతుంది. అందువలన మామూలు అయస్కాంతం దగ్గరకు వచ్చినా, క్యాసెట్టువలె, రికార్డు అయినది చెరిగిపోదు.

శబ్ద సమాచారాన్ని ఏట్రాక్ అనే పద్ధతిలో సీడీలో ఉండే పరిమాణంలో దాదాపు ఐదవ వంతుకు కుదిస్తారు. మామూలు పద్ధతిలో ఒక పళ్ళెంపై 74 లేదా 80 నిమిషాలు పడతాయి. ఎల్‌పీ2లో దీనికి రెట్టింపు, ఎల్‌పీ4లో నాలుగు రెట్లు పడతాయి. ఎల్‌పీ4లో నాణ్యత బాగా తగ్గుతుంది కనుక అది ప్రసంగాలకు సరిపోతుంది కానీ సంగీతానికి తగదు. పైగా ఎల్‌పీలో చేసినవి 2000కు ముందటి యంత్రాలలో నిశ్శబ్దంగా తిరుగుతాయే తప్ప వినబడవు. ఒక్క గొంతే రికార్డు చేయవలసి వస్తే మోనో పద్ధతి మేలు. అందులో కూడా నిడివి రెట్టింపు అవుతుంది, పాత యంత్రాలలోనూ పలుకుతుంది.

విషయసూచిక

ఏ పాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలిపే విషయసూచిక పళ్ళెంపై ప్రత్యేకమైన చోట ఉంటుంది. శబ్దం ఎప్పటికప్పుడు పళ్ళెంపైకి చేరుతున్నా, సూచికను యంత్రం రికార్డింగు ఆపిన తరువాతనే రాస్తుంది. అప్పుడు తెరపై టీఓసీ ఎడిట్ లేదా డేటా సేవ్ అనే అక్షరాలు మెరుస్తాయి. అవి పోయేవరకు యంత్రాన్ని కదల్చరాదు, బ్యాటరీ తీయరాదు. ఈ కొద్ది సెకన్ల తొందరపాటు వలన గంటసేపటి కచేరీ పోయే ప్రమాదముంది. కనుక సుదీర్ఘ కార్యక్రమాలలో విరామం దొరికినపుడల్లా రికార్డింగు ఆపి, సూచిక రాయబడిన పిదప మళ్ళీ మొదలుపెట్టడం ఉత్తమం.

సూచిక రాయకముందే యంత్రం ఆగిపోతే ఆ పళ్ళెంపై మరేదీ రికార్డు చేయరాదు. పూర్తిగా నిండిన మరొక పళ్ళెం సూచికను దీనిపై రాయించి పోయినదాన్ని రాబట్టే ఉపాయం కొందరు నిపుణులకు తెలుసు. కానీ పాత శబ్దంపై కొత్తది ఎక్కితే ఏ ఉపాయమూ పనిచేయదు.

పాటల పేర్లను కూడా ఈ సూచికతో పాటే దాచుకోవచ్చు. అయితే యంత్రంలో రోమను, జపనీస్ లిపులు తప్ప తెలుగు లేదు. త్యాగరాజ కృతి అయినా ఇంగ్లీషు అక్షరాలలోనే రాసుకోవాలి.

రికార్డింగు స్థాయి, మైకు

చాలా పోర్టబుల్ యంత్రాలు ధ్వని స్థాయిని తమంతట తామే సర్దుకుంటాయి. మాటలకు ఇది పరవాలేదు. సంగీతంలో మాత్రం గాయకుడు గొంతు తగ్గించినపుడు యంత్రం దానిని పెంచుతుంది, మృదంగం దరువు రాగానే అణచివేస్తుంది. అందుచేత పాట సహజమైన ఎత్తుపల్లాలను కోల్పోతుంది. దీనిని నివారించడానికి రికార్డింగును విరామ స్థితిలో ఉంచి, స్థాయిని చేతితో నిర్ణయించుకోవాలి. పెద్ద శబ్దాలు మీటరుపై -12 డెసిబెల్ గుర్తు దగ్గర ఉండేలా చూసుకోవడం మంచిది. క్యాసెట్టుపై స్థాయి కొంచెం మించినా చెవికి అంతగా తెలియదు. డిజిటల్ పద్ధతిలో హద్దు దాటితే శబ్దం కర్కశంగా చీలిపోతుంది, తరువాత సరిదిద్దడం సాధ్యం కాదు.

మైకును నేరుగా యంత్రానికి తగిలిస్తే లోపలి మోటారు చప్పుడు కూడా వినబడుతుంది. తీగ ఉన్న మైకును వాడి, యంత్రాన్ని దూరంగా మెత్తటి గుడ్డపై ఉంచితే ఈ ఇబ్బంది తగ్గుతుంది.

సీడీ నుండి నకలు తీసేటపుడు ఆప్టికల్ తీగ వాడితే స్థాయి సర్దే పని ఉండదు. కానీ అలా తీసిన నకలు నుండి మరొక డిజిటల్ నకలు తీయడానికి యంత్రం అంగీకరించదు.

జాగ్రత్తలు

చల్లని ఏసీ గది నుండి ఉక్కపోతలోకి తెస్తే కటకంపై తేమ పడుతుంది. పళ్ళెం బయటకు తీసి కొన్ని గంటలు ఆగాలి. డబ్బీ రేకును వేలితో తెరవరాదు. రికార్డు చేసిన పళ్ళెం పక్కనున్న చిన్న మీటను జరిపితే పొరపాటున చెరిగిపోదు. రికార్డింగుకు వినడం కంటే ఎక్కువ విద్యుత్తు కావాలి కనుక కొత్త సెల్లుతో మొదలుపెట్టాలి. వాడని కాలంలో సెల్లు తీసివేయకపోతే అది కారి లోపలి రేకులు తుప్పు పడతాయి.

పాత పళ్ళేలను భద్రపరచడం

నెట్‌ఎండీ యంత్రాలు కంప్యూటరు నుండి పాటలు తీసుకునేవి కానీ, మైకుతో చేసిన రికార్డింగులను తిరిగి ఇచ్చేవి కావు. సొంత గొంతును సొంత కంప్యూటరులోకి ఎక్కించుకోలేకపోవడం వాడుకరులకు పెద్ద అసంతృప్తిగా ఉండేది. 2006లో వచ్చిన ఎంజెడ్-ఆర్‌హెచ్1 ఆ వీలు కల్పించింది. తరువాతి కాలంలో ఔత్సాహికులు రాసిన సాఫ్టువేరు ద్వారా మరికొన్ని సోనీ నెట్‌ఎండీ యంత్రాల నుండి కూడా ఇది సాధ్యమైంది. ఆ రెండూ లేనివారు ఇయర్‌ఫోన్ రంధ్రం నుండి కంప్యూటరుకు తీగ కలిపి, బాస్ పెంచే సదుపాయాన్ని ఆపి, నిజ సమయంలో ఎక్కించుకోవచ్చు. 80 నిమిషాల పళ్ళేనికి 80 నిమిషాలు పడుతుంది.