పిందె ఎక్కిన గుడ్డ

ఇష్టమైన చిరుతిండి రూపంలో ఫ్లీస్ మఫ్లర్ కుట్టుకోవడం చలిదేశాల్లో ఒక సరదా. ఒకరు పిజ్జా ముక్కలా కత్తిరిస్తారు, ఇంకొకరు చివర్లకు డోనట్లు అతికిస్తారు. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో మాల్డెన్ మిల్స్ ఈ పాలియెస్టర్ గుడ్డను తయారుచేసింది. కత్తిరించిన చోట పోగు ఊడదు, అంచు మడిచి కుట్టాల్సిన పని లేదు, అందుకే కొత్తగా మిషను తొక్కేవాళ్ళు కూడా ధైర్యంగా చేతిలోకి తీసుకుంటారు. ఇలాంటివి చూసి మనవాళ్ళు చాలామంది పిల్లచేష్టలని తీసిపారేస్తారు. తినే వస్తువును ఒంటిమీద వేసుకోవడమేమిటి, మన అద్దకానికీ నేతకూ ఒక మర్యాద ఉందిగా అంటారు. నా అభిప్రాయం దీనికి పూర్తిగా వేరు. మెచ్చిన తిండిని గుడ్డమీదికి ఎక్కించడం మన కృష్ణా సీమకు పాత అలవాటు. ఈనాడు సంప్రదాయమని గౌరవించే నమూనాల్లో చాలా భాగం ఒకప్పుడు కొనేవాళ్ళ మోజు కోసం వేసిన వింతలే.

రుజువు కోసం దూరం పోనక్కర్లేదు. 2022 దాకా కృష్ణా జిల్లాలో ఉండి ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో చేరిన విస్సన్నపేట మామిడితోటల నడుమ ఉన్న ఊరు. ఇటు తిరువూరు, అటు నూజివీడు, రెడ్డిగూడెం, ఎటు చూసినా రసాలు, బంగినపల్లి, కలెక్టరు చెట్లే. ఫాల్గుణం దాటీ దాటకముందే గాలికి పిందెలు రాలతాయి. వాటిని ఏరి, అడ్డంగా కోసి, ఉప్పూ కారం అద్దుకుని తినని పిల్లలు ఈ పల్లెల్లో ఉండరు. ఆ పిందె ఆకారాన్ని కాస్త నిదానంగా చూడండి. తొడిమ దగ్గర గుండ్రంగా లావుగా ఉంటుంది, కిందికి వచ్చేసరికి సన్నబడి కొస ఒక పక్కకు వంగుతుంది. పండిన రసానికి ఈ వంపు ఇంత స్పష్టంగా ఉండదు, నిండుగా ఉబ్బి పోతుంది. పాత కృష్ణా జిల్లాకు ఆ చివరనున్న పెడన, బందరు అద్దకపు గుడ్డల అంచున వరసగా కనిపించేది ఈ పిందె రూపమే. అంటే పళ్ళెంలో పెట్టి అతిథికిచ్చే పండును వదిలేసి, చెట్టుకింద నిలబడి కొరికే కాయను గుడ్డ తనలో చేర్చుకుంది.

మామిడికే ఈ చోటు ఎందుకు దక్కింది, లడ్డూకో అరిసెకో ఎందుకు దక్కలేదు? జవాబు భక్తిలో కాదు, పనిలో ఉందని నా నమ్మకం. పెడనలో ముందు నూలుగుడ్డను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్ళలో ముంచి ఎండబెడతారు. పాలలోని కొవ్వు రంగు పాకకుండా ఆపుతుంది. ఇనుపముక్కలూ బెల్లమూ నీళ్ళలో రోజుల తరబడి పులియబెడితే నలుపు వస్తుంది. ఎరుపు పడాల్సిన చోట పటిక అద్ది, తర్వాత వేళ్ళ నుంచి తీసిన రంగులో ఉడికిస్తారు. పూర్వం ఈ తీరపు చిరివేరు ఎరుపుకు దేశాంతరాల్లో పేరుండేది. గీత కోసం ఒక టేకు అచ్చు, లోపల నింపే ఒక్కో రంగుకు మరో అచ్చు. అచ్చు చెక్కేవాడికి గీత చూడగానే గుర్తుపట్టే రూపం కావాలి, పక్కపక్కన పెడితే మధ్య ఖాళీ వికారంగా మిగలకూడదు. వట్టి గుండ్రం గీస్తే అది లడ్డూనో, కాసో, చుక్కో ఎవరూ చెప్పలేరు. పిందెకు ఆ బాధ లేదు. కొస ఎటు తిప్పితే అటు నడుస్తుంది, రెండింటిని ఎదురెదురుగా నిలిపితే జంట అవుతుంది, కడుపులో చిన్న పూలు నింపడానికి చోటు మిగులుతుంది.

ఇక్కడ చరిత్ర తెలిసినవాళ్ళు అడ్డుపడతారు. ఈ వంకర రూపం మనది కాదు, పారశీకం నుంచీ కాశ్మీరు శాలువల నుంచీ వచ్చింది, మామిడి అన్నది మనం తర్వాత తగిలించుకున్న ఊహ అంటారు. ఈ మాటలో నిజం ఉంది. 17వ శతాబ్దపు కాశ్మీరు శాలువల మీద అది వేళ్ళతో సహా గీసిన పూలమొక్క. 18వ శతాబ్దంలో అది గుత్తిగా కుదురుకుని తల వంచింది. 19వ శతాబ్దంలో స్కాట్లండ్‌లోని పెయిస్లీ పట్టణపు మగ్గాలు దాన్ని నకలు చేసి యూరప్ అంతటా అమ్మాయి. గోల్కొండ ఏలుబడి నాటి నుంచీ బందరు అద్దకం మీద ఇరాన్ బేరగాళ్ళ అభిరుచి గాఢంగా ఉంది. ఇవన్నీ ఒప్పుకున్నా నా వాదన చెడదు. పూలమొక్కగా బయలుదేరిన రూపం కాశ్మీరులో ఒకలా, స్కాట్లండ్‌లో మరొకలా మారినట్టే, మామిడి పండే సీమకు వచ్చి కాయ ఒళ్ళు తెచ్చుకుంది. తొడిమ పెట్టారు, అంచున తోటలో వేలాడినట్టు వరస కట్టారు, అదే రూపాన్ని బంగారంలో పోసి మామిడిపిందెల హారం చేశారు. ఎరువు తెచ్చుకున్న గీతలో జనం తమ నోటికి తెలిసిన వస్తువును చూసుకున్నారంటే, ఆ వస్తువు మీద వాళ్ళకున్న ఇష్టానికి అంతకంటే గట్టి సాక్ష్యం ఏం కావాలి?

కొనేవాడి మోజు మన గుడ్డను ఎంతగా నడిపిందో చెప్పడానికి రుమాళ్ళ కథ ఒక్కటి చాలు. 1605లో డచ్చివాళ్ళు, 1611లో ఆంగ్లేయులు బందరులో దిగింది గుడ్డ కోసమే. ఎవరికి ఏ నేల రంగు కావాలో, ఏ పువ్వు కావాలో చెప్పి చేయించుకున్నారు. మన తీరపు గళ్ళ రుమాళ్ళు పశ్చిమ ఆఫ్రికా చేరితే, నైజర్ నది ముఖద్వారంలోని కలబరి స్త్రీలు వాటిలో ఎంచిన పోగులు కోసి లాగేసి సొంత నమూనాలు తేల్చుకున్నారు. చీరాల తేలియా రుమాలు సంగతి ఇంకా ఆసక్తికరం. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్ళలో నానబెట్టి, రంగు అంటకుండా అక్కడక్కడ పోగులకు చిటికి కట్టి, ఎరుపు నలుపు తెలుపులతో నేసిన ఈ చదరపు గుడ్డను అరబ్బులు తలకు చుట్టుకునేవారు. 20వ శతాబ్దంలో అదే రుమాలు మీద గడియారాలూ విమానాలూ ప్రత్యక్షమయ్యాయి. ఆకాశంలో విమానం ఎగరడమే వింతగా ఉన్న కాలంలో దాన్ని పడుగుపేకల్లో పట్టారు. ఆ రుమాళ్ళను ఈనాడు భద్రంగా దాచుకుంటున్నాం. అప్పుడు ఎవరైనా ఇది మర్యాద కాదని నేతగాడి చెయ్యి పట్టుకుని ఉంటే మనకు దక్కేవి కావు.

మామిడి శుభానికి గుర్తు, చిరుతిండి కాదు కదా అని మరో మాట. తోరణానికి కట్టేది ఆకును. అంచున వేసింది పిందెను. రెండూ ఒక చెట్టువే అయినా, ఆకుకున్న పవిత్రత చూసి కాయను ఎక్కించారనడానికి ఆధారం చాలదు. విమానానికి ఏ పవిత్రత ఉంది?

బరువైన అభ్యంతరం ఫ్లీస్ గురించి. ఉతికినప్పుడల్లా ప్లాస్టిక్ పీచు నీళ్ళలోకి వదిలే గుడ్డను, పారే కాలువలో ఉతికి రంగు తేల్చే పెడన నూలు పక్కన నిలబెట్టడం న్యాయం కాదు. దీన్ని నేను ఒప్పుకుంటాను. అయితే ఇది గుడ్డ మీద ఫిర్యాదు, ఆలోచన మీద కాదు. విస్సన్నపేట డిసెంబరు చలికి ఫ్లీస్ అవసరమే లేదు, రెండు పొరల నూలు మఫ్లర్ సరిపోతుంది. పనితనం కూడా ఊళ్ళోనే ఉంది. చిన్న చదరపు ముక్కను మూలకు మూల రెండుసార్లు మడిచి, ఆ ముక్కోణాన్ని రెండు పొరల మధ్య కుట్టులో బిగించే సమోసా అంచు జాకెట్లు కుట్టే ఏ దర్జీకైనా తెలుసు. మఫ్లర్ రెండు కొసలూ పిందె వంపుతో కత్తిరించవచ్చు. ఒక వైపు ఆకుపచ్చ. తిప్పితే కోసిన చెక్కలా లేత పసుపు, నడుమ లేత జీడికి తెల్లగుడ్డ ముక్క. చుట్టూ గీతకు బెల్లమూ ఇనుమూ పులిసిన నలుపు, కారానికి పటిక మీద ఉడికిన ఎర్రచుక్కలు పెడనలోనే అద్దించుకోవచ్చు.